రక్షణ చేజారుతుందా?

గత శీతాకాలంలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకొని మేమిద్దరం భోజనానికి కూర్చోబోతుండగా, పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి మా గడప దగ్గర నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒక్కటే మాట అడిగారు: "నా కొడుకు ఏడున్నడు సారూ?"

ఆమె పెద్దకుమారుడు మరణించి అప్పటికి పన్నెండు రోజులు. అతణ్ణి ఎక్కడ ఖననం చేశారో ఆమెకు తెలుసు. తన చేత్తోనే మట్టి వేసి వచ్చారు. ఆమె అడిగినది సమాధి గురించి కాదని మాకు వెంటనే అర్థమయింది.

మేము మెదక్ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో ముప్పై ఏళ్లుగా నివసిస్తున్నాము. మాలో ఒకరు ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. మరొకరు ఇంటి వద్ద చిన్నపిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పుతారు. మా ఇంటికీ పెద్దమ్మగారి ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. రంజాన్ పండుగ నాడు షీర్ ఖుర్మా ఆ గోడ మీదుగా అటు వెళుతుంది. క్రిస్మస్ నాడు అరిసెలు ఇటు వస్తాయి. ధార్మిక విషయాల ప్రస్తావన మాత్రం ఆ రాత్రి వరకు ఎన్నడూ మా మధ్య రాలేదు.

పెద్దమ్మగారిది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన మెదక్ చర్చి కట్టడంలో ఆమె తాతగారు రాళ్లు మోసిన కూలీ. కరువు కాలంలో కూలీలకు పని, తిండి కల్పించిన ఆ చర్చిని కట్టించినది ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ. ఆమె కోడలు ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం నుండి వచ్చింది. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర ఆ ప్రాంతానిది. అత్తాకోడళ్లిద్దరూ ఒకే బైబిలు చదువుతారు. కాని ఒక్క విషయంలో వారి సంఘాలు నేర్పిన పాఠాలు వేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఒక మరణం సంభవించేదాకా ఎవరికీ పట్టలేదు.

మరణించిన ఆ కుమారుడు మాకు చిన్ననాటి నుండి తెలుసు. పద్నాలుగేళ్ల వయసులో చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకున్నాడు. క్రిస్మస్ ముందు రాత్రులలో ఇంటింటికీ తిరిగి పాడే బృందంలో అతని గొంతే ముందు వినిపించేది. తరువాత హైదరాబాదు వెళ్లి లారీ డ్రైవరయ్యాడు. తాగుడు మొదలయింది. పదకొండేళ్లపాటు చర్చి మెట్టు ఎక్కలేదు. ఒకసారి తల్లి బతిమాలితే, ఆ దేవునికీ తనకూ ఏ సంబంధమూ లేదని ముఖం మీదనే చెప్పాడట. కాలేయం పూర్తిగా చెడిపోయిన తరువాత ఆసుపత్రిలో చేర్చారు. చివరి రెండు రోజులు మాట పడిపోయింది. కళ్లు తెరిచి చూసేవాడు, ఏదో చెప్పబోయేవాడు. ఏం చెప్పదలచుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఖననం తరువాత జరిగిన ఆదరణ కూడికలో ఇద్దరు మాట్లాడారు. కోడలి మేనమామగారు లేచి, ఒకసారి నిజంగా రక్షణ పొందినవాడిని దేవుడు చేయి విడువడని, ఆయన చేతిలో నుండి ఎవరూ లాక్కోలేరని ధైర్యం చెప్పారు. ఆ తరువాత స్థానిక సంఘ పెద్ద ఒకరు యువకులను హెచ్చరించే ఉద్దేశంతో, ద్రాక్షతీగ నుండి వేరైన కొమ్మ ఎండిపోయి మంటపాలవుతుందని అన్నారు. ఇద్దరూ మంచి మనసుతోనే మాట్లాడారు. ఇద్దరి మాటలకూ బైబిలులో ఆధారం ఉంది. ఆ రెండు మాటల నడుమ చిక్కుకున్నది ఆ తల్లి.

"ఒకలు ఉన్నడంటరు, ఒకలు లేడంటరు. కన్నదాన్ని, నేనేం జెయ్యాలె? మీరు మా సంఘమోళ్లు కారు. గందుకే అడుగుతున్న" అన్నారామె.

ఆ రాత్రి మేము ఏమీ చెప్పలేకపోయాము. చాయ్ ఇచ్చి, కాసేపు పక్కన కూర్చోబెట్టుకొని, ఇంటిదాకా దిగబెట్టి వచ్చాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అందుకు కారణం ఆమె దుఃఖం ఒక్కటే కాదు. ఆ కారణాన్ని తరువాత చెబుతాము.

తెలియని విషయంపై తొందరపడి మాట్లాడటం ధర్మం కాదు. మాలో ఒకరు చరిత్ర బోధించినవారు కనుక, పెద్దమ్మగారి సంఘానికే చెందిన ఒక విశ్రాంత పాస్టరుగారిని ఆశ్రయించి గ్రంథాలు అడిగారు. ఆయన సంతోషంతో ఇచ్చారు. ఆ నెలంతా మా ఇంట్లో ఆ పుస్తకాల పఠనమే సాగింది.

ఈ ప్రశ్న మేమనుకున్న దానికంటే ఎంతో పాతది. అయిదో శతాబ్దం తొలి భాగంలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీన్ తన చివరి గ్రంథాలలో ఒకదానిని దీనికే కేటాయించాడు. తుదిదాకా విశ్వాసంలో నిలిచి ఉండటం దైవం ప్రసాదించే వరమని, ఆ వరం తనకు లభించిందో లేదో ప్రాణమున్నంత వరకు ఏ మనిషీ రూఢిగా చెప్పుకోలేడని ఆయన అభిప్రాయం. 1547లో ట్రెంట్ మహాసభలో రోమన్ కథోలిక సంఘం, ఘోరపాపం వల్ల మనిషి దైవకృపను కోల్పోతాడని, పాపసంకీర్తనం ద్వారా దానిని తిరిగి పొందగలడని నిర్ణయించింది. ప్రొటెస్టెంటులలో జెనీవాకు చెందిన జాన్ కాల్విన్ మార్గాన్ని అనుసరించినవారు దీనికి భిన్నంగా, దైవం ఎన్నుకున్నవాడు పూర్తిగా పతనం కావడం అసంభవమన్నారు.

నెదర్లాండ్స్ దేశంలో ఈ వివాదం ముదిరింది. అర్మీనియస్ అనే పండితుడు 1609లో మరణించగా, మరుసటి సంవత్సరం ఆయన అనుయాయులు అయిదు అంశాలతో ఒక విన్నపం సమర్పించారు. విశ్వాసి రక్షణను కోల్పోగలడా అన్నది అందులో అయిదో అంశం. ఆశ్చర్యమేమంటే, వారు మొదట ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. లేఖనాలను ఇంకా పరిశోధించిన మీదటే నిశ్చయంగా బోధించగలమని రాసి ఆపివేశారు. అలా ఆగిపోగల వినయం ఎంత గొప్పదో, తరువాతి పరిణామాలు చూస్తే తెలుస్తుంది. 1618-19లో డోర్ట్ నగరంలో సమావేశమైన మహాసభ వారి వాదాన్ని తిరస్కరించింది. రాజకీయ వైరాలు కూడా అందులో పెనవేసుకున్నాయి. బోధకులు అనేకులు పదవులు కోల్పోయారు. ఆ పక్షాన్ని కాపాడిన వృద్ధ రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ శిరస్సు 1619 మే నెలలో ఖండించబడింది. పరలోకంలో ఎవరు సురక్షితులనే చర్చ ఇహలోకంలో ఎవరికీ రక్షణ లేకుండా చేసింది!

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ అర్మీనియస్ పక్షం వహించాడు. నిజమైన విశ్వాసి సైతం పడిపోగలడని బోధించాడు. మెదక్ ప్రాంతానికి వచ్చిన మిషనరీలు ఆయన సంప్రదాయంవారే. బాప్టిస్టు సంఘాలలో చాలామంది రెండో పక్షంవారు. ఈ విధంగా ఐరోపాలో మొదలైన వివాదం రెండు దారులలో ప్రయాణించి మా గోడకు అవతల ఒకే వంటింట్లో కలుసుకుంది.

కాని ఆ గ్రంథాలను ఓపికగా చదివితే మాకు మరొక విషయం కనిపించింది. రక్షణ పోదని తీర్మానించిన డోర్ట్ మహాసభ కూడా, విశ్వాసులు ఘోరపాపాలలో పడగలరని, కొంతకాలం దైవప్రసన్నతను అనుభవించలేని స్థితికి చేరగలరని, అయితే దైవం వారిని పశ్చాత్తాపం ద్వారా మళ్లీ లేవనెత్తుతాడని చెప్పింది. రక్షణ పోతుందన్న వెస్లీ సైతం 1778లో ఒక ప్రసంగాన్ని ప్రత్యేకించి దారి తప్పినవారి కోసమే రాశాడు. వారు నిరాశ చెందనక్కరలేదని, తిరిగి రావచ్చని దాని సారాంశం. అంటే తిరిగి వచ్చినవాని విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు. తిరిగి రానివాని విషయంలోనే భేదం. ఒకరు 'వానికి మొదటి నుండీ నిజమైన విశ్వాసమే లేదు' అంటారు. మరొకరు 'ఉండేది, పోగొట్టుకున్నాడు' అంటారు. బతికి ఉన్న మనిషికి ఇద్దరూ చెప్పే మాట ఒకటే: వెనుకకు తిరిగి రా.

సిద్ధాంతం మాత్రమే మనసుకు నెమ్మది ఇవ్వలేదని కూడా ఆ చరిత్రలో చూశాము. ఆంగ్ల కవి విలియం కౌపర్ రక్షణ చేజారదని నమ్మిన సంప్రదాయంలోనివాడు. ఆయన భక్తిగీతాలను నేటికీ క్రైస్తవులు పాడుకుంటారు. అయినా 1773లో తీవ్రమైన మానసిక వ్యాధికి గురై, దైవం తనను మాత్రం త్యజించాడనే భావనలో పడిపోయాడు. 1800లో మరణించే వరకు ఆ వేదన ఆయనను పూర్తిగా వీడలేదు. ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తరువాత మతాచార్యుడైన జాన్ న్యూటన్ ఆయన ఆత్మీయ మిత్రుడు. కౌపర్ తనను తాను నశించినవానిగా భావించుకున్నా, న్యూటన్ అలా భావించలేదు. మనిషి తన హృదయాన్ని తానే సరిగా చదువుకోలేనప్పుడు, పక్కవాడు చదవగలడా?

ఇదంతా వారి వివాదమని, మనకు సంబంధం లేదని పాఠకులు అనుకోవచ్చు. ముందు మేమూ అలాగే అనుకున్నాము. కాని మన చరిత్రలోనూ ఇదే గాయం ఉంది. క్రీ.శ. 657లో జరిగిన సిఫ్ఫీన్ యుద్ధం తరువాత ఖారిజీలు బయలుదేరి, మహాపాపం చేసిన ముస్లిం ఇస్లాం పరిధి నుండే బయటకు పోయాడన్నారు. ఆ తీర్పుతోనే సాటి ముస్లింలపై ఖడ్గం ఎత్తారు. దానికి ప్రతిగా ముర్జియా వర్గం నుండి మరొక తీవ్రవాదన వచ్చింది: విశ్వాసం ఉన్న చోట ఏ పాపమూ హాని చేయదని. హజ్రత్ హసన్ బస్రీ (రహ్మలై) బోధనా సభలో ఇదే ప్రశ్న రాగా, వాసిల్ బిన్ అతా లేచి, అటువంటివాడు విశ్వాసీ కాడు, అవిశ్వాసీ కాడు, నడుమ ఉన్నాడని చెప్పి వేరైపోయాడని చరిత్రకారులు రాశారు. అహ్లె సున్నత్ పండితులు మధ్యేమార్గాన్ని చూపారు. మహాపాపి అయినా ఏకదైవత్వాన్ని తిరస్కరించనంత వరకు విశ్వాసియే. అతని విశ్వాసం బలహీనపడిందే గాని అంతరించలేదు. అతని వ్యవహారం అల్లాహ్ చేతిలో ఉంది. ఆయన కోరితే క్షమిస్తాడు, కోరితే శిక్షిస్తాడు.

మన ధర్మంలో సాఫల్యమనేది ఈ లోకంలో చేతికి అంది, పెట్టెలో దాచుకోగల వస్తువు కాదు. అది ప్రళయదినాన వెలువడే తీర్పు. తన కర్మల బలంతో ఎవరూ స్వర్గంలో ప్రవేశించలేరని దైవప్రవక్త (స) తెలియజేయగా, మీరు కూడానా అని సహచరులు అడిగారు. అల్లాహ్ తన కారుణ్యంతో కప్పితే తప్ప తాను కూడా ప్రవేశించలేనని ఆయన (స) బదులిచ్చారు. ఇక్కడ మనం పోగొట్టుకోగలిగినది సన్మార్గం. అందుకే రోజూ అయిదు పూటల ఫర్జ్ నమాజులలోని పదిహేడు రకాతులలో, సన్మార్గం చూపమని పదిహేడుసార్లు అర్థిస్తున్నాము. నిన్న దొరికినది నేడు కూడా ఉంటుందనే ధీమా ఉంటే, అన్నిసార్లు అడగవలసిన పని లేదు.

హజ్రత్ హన్జలా (రజి) సంఘటన ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆయన ఒకనాడు హజ్రత్ అబూబక్ర్ (రజి)తో, తాను కపట విశ్వాసినయ్యానని దుఃఖంతో చెప్పారు. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లెదుట కనిపిస్తున్నట్లు ఉంటుందని, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డల వ్యవహారాలలో పడగానే మరచిపోతున్నానని ఆయన బాధ. హజ్రత్ అబూబక్ర్ (రజి) కసురుకోలేదు. తన స్థితి కూడా అంతే అన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త (స) వద్దకు వెళ్లారు. మనిషికి అటువంటి ఘడియ ఒకటి, ఇటువంటి ఘడియ ఒకటి ఉంటాయని ఆయన (స) ఓదార్చారు. విశ్వాసం తగ్గిందని భయపడినవాణ్ణి ఆయన వెళ్లగొట్టలేదు.

ఈ హదీసు చదువుతున్నప్పుడు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. దాచిన కారణం ఇప్పుడు చెప్పక తప్పదు.

మా చిన్నకుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా నమాజు విడిచిపెట్టాడు. రోజా లేదు, జుమా లేదు. గత రంజాన్ పండుగకు ముందు ఫోనులో మాట పెరిగింది. నమాజు లేనివానికి ఈ ఇంట్లో చోటు లేదు, రావద్దు అన్నాము. ఆ మాట అన్నది మాలో ఒకరు. మౌనంగా ఉండి సమ్మతించింది మరొకరు. అతడు రాలేదు. ఎవరైనా అడిగితే సెలవు దొరకలేదని చెప్పాము. నమాజు విడవటం తేలిక విషయం కాదు. ఈనాటికీ మేము దానిని తేలిక చేయడం లేదు. కాని తప్పును తప్పు అనడం వేరు, మనిషిని గడప బయటికి నెట్టి తలుపు వేయడం వేరు. పుస్తకంలో ఖారిజీలను ఖండిస్తూ, మా ఇంట్లో మేమే ఆ తీర్పు చెప్పి కూర్చున్నాము.

నెల గడిచిన తరువాత పెద్దమ్మగారిని ఇంటికి పిలిచాము. ఆమె సంఘంలోని ఇరుపక్షాలవారు ఎక్కడ ఏకమవుతారో మాకు అర్థమైనంత వరకు వివరించాము. మా విశ్వాసానికీ ఆమె విశ్వాసానికీ ఉన్న భేదాన్ని దాచలేదు. హజ్రత్ ఈసా (అలై)ను మేము దైవప్రవక్తగా ప్రేమిస్తామని, దైవకుమారునిగా విశ్వసించమని, ఒకరి పాపభారాన్ని మరొకరు మోస్తారని నమ్మమని స్పష్టంగానే చెప్పాము. ఆమె తల ఊపారు. ఆ సంగతి ఆమెకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ తరువాత, ఆమె కుమారుడు ఎక్కడున్నాడో చెప్పే అధికారం ఏ మనిషికీ లేదని, మాట పడిపోయిన ఆ రెండు రోజులలో అతని హృదయంలో ఏం జరిగిందో సృష్టికర్తకు తప్ప ఎవరికీ తెలియదని అన్నాము.

చివరగా ఒక హదీసు వినిపించాము. యుద్ధబందీలలో ఒక స్త్రీ తప్పిపోయిన బిడ్డ కోసం వెతుకుతూ, దొరకగానే గుండెకు హత్తుకొని పాలిచ్చింది. ఈ తల్లి తన బిడ్డను నిప్పులో పడవేయగలదా అని దైవప్రవక్త (స) సహచరులను అడిగారు. ఎన్నటికీ పడవేయదన్నారు వారు. ఈమెకు తన బిడ్డ మీద ఉన్న దయ కంటే అల్లాహ్‌కు తన దాసుల మీద ఉన్న దయ ఎక్కువని ఆయన (స) తెలిపారు.

పెద్దమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. మేమిచ్చినది ఆమె ప్రశ్నకు జవాబు కాదని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. లేవబోతూ మాలో ఒకరి చేయి పట్టుకొని అన్నారు: "మీ చిన్నోడు పండుగకు సుత రాలె గద బిడ్డా. నా కొడుక్కు మాట పడిపోయినంక పోయి పిలిస్తి. మీ కొడుక్కు ఇంక మాటున్నది. పిలువుండ్రి."

గోడ ఇవతల మేము దాచామనుకున్నది గోడ అవతల ఆమెకు తెలుసు. ఓదార్చబోయినవారం మేము, ఉపదేశం పొందినవారమూ మేమే.

ఆ రాత్రే ఫోను చేశాము. రావద్దన్న నోటితోనే రమ్మన్నాము. తప్పు మాట అన్నామని ఒప్పుకున్నాము. అటు నుండి చాలాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత, "అబ్బా, నమాజు చదవకున్నా రావచ్చా?" అని అడిగాడు. "రా బేటా. నీ ఇల్లు ఇది" అన్నాము.

ఆ శనివారం వచ్చాడు. సాయంత్రం పెద్దమ్మగారి ఇంటికి వెళ్లి ఆమె పక్కన గంటసేపు కూర్చున్నాడు. తెల్లవారి ఫజ్ర్ అజాన్ వేళకు పడుకొనే ఉన్నాడు. మేము వుజూ చేసుకొని, అతని గది తలుపు తెరిచే ఉంచి, నమాజుకు నిలబడ్డాము. అతడు లేవలేదు. ఆ తరువాత నెలకొకసారి వస్తున్నాడు. ఒక శుక్రవారం తనంతట తానే మాతో జుమాకు వచ్చాడు. మరుసటి శుక్రవారం వెళ్లాడో లేదో మాకు తెలియదు, అడగలేదు. అతని కోసం రోజూ దుఆ చేస్తున్నాము. అంతకంటే ఎక్కువగా మా కోసం మేము దుఆ చేసుకుంటున్నాము. ఎందుకంటే పర్యవసానాన్ని బట్టే కర్మలు లెక్కకు వస్తాయని ప్రవక్త (స) హెచ్చరించారు. మా పర్యవసానం ఎటువంటిదో మాకూ తెలియదు.

రక్షణ చేజారుతుందా అన్న ప్రశ్నకు క్రైస్తవ పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. కాని ఒక తల్లి నుండి మేము నేర్చుకున్నది ఇది: దారి తప్పినవాని గురించి తీర్పు చెప్పడం మన పని కాదు, అతనికి మాట ఉన్నంతకాలం, మనకు మాట ఉన్నంతకాలం, పిలవడం మన పని. ధీమా మనిషిని నిద్రపుచ్చుతుంది, నిరాశ మనిషిని చంపుతుంది. భయమూ ఆశా రెండూ ఉన్న హృదయమే నడవగలుగుతుంది.

పాఠక సోదరసోదరీమణులారా! మీ ఇంట్లోనూ అలా దూరమైన బిడ్డ ఎవరైనా ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఫోను చేయండి.

హృదయాలను తిప్పే ఆ ప్రభువు మన హృదయాలను తన ధర్మంపై స్థిరంగా ఉంచుగాక! దూరమైన మన బిడ్డలను తన మార్గానికి మళ్లించుగాక! బిడ్డలను కోల్పోయిన తల్లులందరికీ సహనాన్ని, నెమ్మదిని ప్రసాదించుగాక! ఆమీన్.